వాడకట్టు చరిత్రలు – 9: లావుణి చెలకల్లో పర్యావరణం

డిగ్రీ పిల్లలకు పర్యావరణ విద్య అని ఒక పేపరు ఉంటుంది. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత యూజీసీ దేశమంతా తప్పనిసరి చేసిన పేపరు అది. చెప్పడానికి వేరే మాస్టార్లు ఉండరు కాబట్టి తరచుగా మా తెలుగు వాళ్ల నెత్తిన పడుతుంది. అట్లా ఆ పుస్తకం నాలుగేళ్లుగా నా చేతిలో ఉంది. అందులో పర్యావరణ ఉద్యమాల పాఠం చిప్కోతో మొదలై, సైలెంట్ వ్యాలీ మీదుగా నర్మద దాకా వచ్చి ఆగిపోతుంది. తెలుగు నేల నుంచి ఏదైనా చెప్పమని పిల్లలు అడిగితే పటాన్‌చెరు పేరు చెప్తాం. రాసుకుంటారు. ఐదు మార్కుల ప్రశ్న.

ఆ జాబితాలో వాడ పేరు ఎక్కడా రాదు. మనవాళ్లు ఏమీ చేయలేదా అంటే, చేశారు. చేసినదాన్ని వేరే ఖాతాల్లో రాశారు. నీళ్ల కోసం కొట్లాడితే కులదాడి ఖాతా. విత్తనం దాచుకుంటే మహిళా సాధికారత ఖాతా. బీడు దున్నితే పేదరిక నిర్మూలన ఖాతా. అడవి కోసం, నది కోసం చదువుకున్నవాళ్లు కమిటీ వేస్తే మాత్రం అది పర్యావరణ ఉద్యమం. ఈ ఖాతాలు ఎవరు రాశారో, ఎట్లా రాశారో ఈ భాగంలో కొంచెం చూద్దాం.

ముందు కారంచేడు. 1985 జూలై 16. మాదిగపల్లె వాళ్లు మంచినీళ్లు ముంచుకునే చెరువు దగ్గర, గేదెలకు కుడితి పెట్టిన బకెట్లు కడిగి ఆ మురికిని నీళ్లలోకి వదులుతున్నారు. తాగే నీళ్లు పాడుచేయొద్దని ఒక మాదిగ పిల్లవాడు అడ్డం చెప్పాడు. వాణ్ని కొడుతుంటే నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ తర్వాత చీరాల శిబిరం, దళిత మహాసభ, అదంతా మీకు తెలిసిన చరిత్రే. నేను అడిగేది ఒక్కటే. తాగునీటి చెరువును కలుషితం చేయొద్దని ఒక సమూహం నిలబడటం పర్యావరణ పోరాటం ఎందుకు కాలేదు? మహద్‌లో 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగినప్పుడు అడిగింది కూడా ఊరి ఉమ్మడి వనరు ఎవరిది అనే కదా. 'వనరుల మీద సమూహాల హక్కు' అని ఇవాళ సెమినార్లలో వినిపించే మాటకు మన దగ్గర తొంభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ సెమినార్లకు మాత్రం మనల్ని పిలవరు, పిలిచినా డప్పు కొట్టడానికి పిలుస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మాది పాత మెదక్ జిల్లా. ఆ ఒక్క జిల్లాలో, ఒకే హైదరాబాద్–ముంబై రోడ్డు మీద, ఇంచుమించు ఒకే కాలంలో రెండు కథలు నడిచాయి. మొదటిది పటాన్‌చెరు. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వదిలిన నీళ్లు నక్కవాగులో కలిసి, అక్కడి నుంచి మంజీరలోకి పోయేవి. పొలాలు పోయాయి, బోర్లలో ఎర్రనీళ్లు వచ్చాయి. ఊళ్ల వాళ్లు రోడ్డెక్కారు. డాక్టర్ కిషన్‌రావు లాంటి వాళ్లు దశాబ్దాలు వెంటపడ్డారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ కేసు కోర్టులు మారుతూ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా నడిచింది. గొప్ప పోరాటం, అందులో నాకు రెండో మాట లేదు. కోర్టు కాగితాలు ఉన్నాయి కాబట్టి చరిత్రకు ఆధారాలూ దొరికాయి.

రెండోది అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే వచ్చే జహీరాబాద్. అక్కడ వాడల్లోని ఆడవాళ్లు ఊరూరా సంఘాలు కట్టుకున్నారు. వాళ్లకు కోర్టు కాగితం లేదు. వాళ్ల దగ్గర ఉన్నది లావుణి పట్టా.

లావుణి అంటే తెలియని పిల్లల కోసం చెప్తాను. సర్కారు భూమిని పేదలకు ఇచ్చే కాగితానికి తెలంగాణలో లావుణి పట్టా అంటారు, నిజాం కాలం నుంచి వచ్చిన రెవెన్యూ మాట. ఆంధ్ర వైపు డి-ఫారం పట్టా అంటారు, ఆఫీసు భాషలో అసైన్డ్ భూమి. అమ్ముకునే హక్కు లేదు. 1977 చట్టం అసైన్డ్ భూముల బదిలీని నిషేధించింది. 1973 భూసంస్కరణల చట్టం కింద మిగులు తేలిన భూమిలో దొరలు వదిలింది ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. రాయి, గుట్టవాలు, జానెడు లోతు కూడా లేని ఎర్రమట్టి. మా తాతకు వచ్చిన రెండెకరాలు కూడా అదే. నాగలి వేస్తే కర్రు విరుగుతుందని మా నాయిన దాన్ని ఏళ్ల తరబడి పడావు పెట్టి పట్నం కూలికి పోయాడు. జహీరాబాద్ చుట్టుపక్కల నల్లరేగడి ఉన్న చోట, బోరు వేసుకునే స్తోమత ఉన్న చోట చెరుకు, అల్లం, ఆలుగడ్డ వచ్చాయి. వాడ చేతిలో ఉన్న చెలక మాత్రం కాగితం మీద పట్టా, కంటికి బీడు.

1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. మైసూరు వైపు నుంచి వచ్చిన పి.వి. సతీష్, విఠల్ రాజన్ లాంటి కొందరు పెట్టిన సంస్థ. సతీష్ అంతకు ముందు దూరదర్శన్‌లో పనిచేశారు. డీడీఎస్ చరిత్ర అంటే అందరూ ఈ వాక్యంతోనే మొదలుపెడతారు. నేను కూడా పెట్టాను, ఎందుకంటే ఆ సంస్థ లేకుండా తర్వాత కథ లేదు. కాని ఆ వాక్యంతోనే ఆగితే కథ మళ్లీ పైనుంచి కిందికి నడుస్తుంది. సంస్థ వచ్చే ముందే ఆ ఆడవాళ్లకు ఏ చెలకలో ఏ గింజ మొలుస్తుందో తెలుసు. ఏ చినుకుకు ఏది చల్లాలో తెలుసు. దొరల చేన్లలో తరతరాలుగా విత్తింది, కలుపు తీసింది, కోసింది, చెరిగింది వాళ్లే. జ్ఞానం ఉంది, భూమి లేదు. భూమి వచ్చినచోట ఎద్దు లేదు, కట్టడానికి కూలి పైసలు లేవు. సంఘం కలిపింది ఈ రెండు ముక్కలను.

మొదట వాళ్లు అడిగింది పర్యావరణం కాదు, పని. ఎండాకాలం కూలి దొరకని నెలల్లో పని. ఆ పనిని తమ సొంత లావుణి భూముల మీదే పెట్టారు. రాళ్లు ఏరి గట్లు పోశారు, కాలువలు తీశారు, చెరువు మన్ను, పెంట తోలుకున్నారు. కూలి దొరికింది, భూమి బాగుపడింది. కొట్టుకుపోయే మట్టి గట్టు దగ్గర ఆగింది. భూమి లేని వాళ్లు జట్టుగా కౌలుకు తీసుకున్నారు. ఊరి ఉమ్మడి బీళ్లలో చెట్లు పెట్టారు. ఇవాళ 'భూసార పరిరక్షణ', 'వాతావరణాన్ని తట్టుకునే సేద్యం' అని ప్రాజెక్టు రిపోర్టుల్లో కనబడే మాటలకు అక్కడ ఉన్న పేరు కరువు కూలి.

ఇక్కడ బియ్యం సంగతి చెప్పాలి. 1983లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆ పథకాన్ని తిట్టడానికి నా చేయి రాదు. మా అమ్మ చెప్తుంది: వాళ్ల చిన్నతనంలో వరి బువ్వ అంటే పండుగ, లేదంటే దొర ఇంట్లో పెళ్లి. ఎంగిలి విస్తరాకు దగ్గర చూసిన తెల్లబువ్వ రెండు రూపాయలకు మన ఇంటి కుండలో ఉడికితే, అది కడుపు నింపడం ఒక్కటే కాదు, ఒక అవమానం తీరడం కూడా. జొన్నరొట్టె, గటక, అంబలి మానేయడంలో ఆ ఆనందం ఉంది. చిరుధాన్యాలు తినడం మానేసి పాడైపోయారని మన ముసలోళ్లను ఇవాళ తప్పుపట్టే పట్నం ఆరోగ్య నిపుణులకు ఆ విస్తరాకు సంగతి తెలియదు.

అయితే రేషన్ బియ్యం వచ్చాక ఎర్రచెలకలో జొన్న వేసేవాళ్లు తగ్గారు. జొన్న లేకపోతే చొప్ప లేదు, చొప్ప లేకపోతే ఎద్దు లేదు, ఎద్దు లేకపోతే పెంట లేదు, దున్నడమూ లేదు. కృష్ణా, గోదావరి కాలువల కింద యూరియాతో పండిన బియ్యం మెదక్ మెట్ట ఊరికి లారీలో వస్తుంటే, ఆ ఊరి చెలక పడావు పడుతోంది. రేషన్ షాపు పేదవాడి కడుపు నింపుతూనే పేదవాడి భూమిని ఖాళీగా ఉంచింది. ఈ ముడిని జహీరాబాద్ ఆడవాళ్లు పట్టుకున్నారు. రేషన్ వద్దనలేదు. రేషన్‌లో మా ఊరి జొన్న ఎందుకు ఉండదు అన్నారు.

1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ డబ్బుతో ముప్పైకి పైగా ఊళ్లలో వాళ్లు నడిపిన ధాన్యం నిధి నా లెక్కలో తెలుగు నేల మీద జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి. ఎట్లా నడిచిందో వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని ఒక్క వాక్యంలో 'ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ' అని రాసి వదిలేస్తారు. పడావు భూమి ఉన్న చిన్న రైతుకు దున్నడానికి, ఎరువుకు, విత్తడానికి, కలుపుకు దఫదఫాలుగా అప్పు ఇస్తారు. పని సరిగా జరిగిందా లేదా అని సంఘం ఆడవాళ్లే చేనుకు వచ్చి చూస్తారు. అప్పు పైసల్లో తీర్చక్కర్లేదు, ఐదేళ్లలో జొన్నల్లో తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేస్తారు. వానాకాలం మొదట్లో, గుమ్ములు అడుగంటి కూలి దొరకని రోజుల్లో, ఊళ్లో అందరికంటే పేదవాళ్లకు తక్కువ ధరకు ఇస్తారు.

ఎవరు పేద అన్నది ఎమ్మార్వో చెప్పడు. ఊరి నడుమ నేల మీద ముగ్గుతో, రంగులతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ పేరు పెట్టి, అందరి ముందూ తేలుస్తారు. ఎవరికి ఎద్దు ఉంది, ఎవరి పిల్లలు జీతానికి ఉన్నారు, ఏ ముసలమ్మకు దిక్కు లేదు. వాడ ఆడవాళ్లు ఊరి నడుమ కూర్చుని ఊరందరి బీదరికం కొలతలు చెప్పడం చిన్న సంగతి కాదు. అంతకు ముందు వాళ్ల బీదరికాన్ని కొలిచే పని కూడా వేరేవాళ్లదే. రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమి అట్లా మళ్లీ నాగలి కిందికి వచ్చింది. జొన్నతో పాటు చొప్ప వచ్చింది, పశువులు నిలబడ్డాయి, కూలి రోజులు పెరిగాయి.

చేను సంగతికి వస్తే, ఎర్రచెలకలో ఒకే పంట వేసే తెలివితక్కువ పని వాళ్లు చేయరు. పచ్చజొన్న, కంది, పెసర, మినుము, అనుము, బబ్బెర, కొర్ర, సామ, తైద, నువ్వు, పుండికూర. ఒక్క చెలకలో పదీ ఇరవై రకాలు కలిపి, సాళ్లు మార్చి వేస్తారు. వాన ముందొచ్చి వెనక పోతే పెసర చేతికొస్తుంది. ముందు రాకుండా వెనకొస్తే కంది నిలబడుతుంది. కంది, అనుము లాంటి పప్పుజాతి పంటలు వేళ్ల ద్వారా నేలకు నత్రజని ఇస్తాయి, జొన్న దాన్ని వాడుకుంటుంది. నల్లరేగడి ముక్క ఉంటే యాసంగిలో కుసుమ, శనగ, అవిశ మంచు తేమ మీదే పండుతాయి, పైనుంచి నీళ్లు కట్టరు. వాటిని సత్యం పంటలు అంటారు. పేరు ఎంత బాగుందో చూడండి. ఇన్సూరెన్స్ కంపెనీ చేయాల్సిన పనిని విత్తనాల గంప చేస్తోంది. వాన తప్పితే ఎవరూ పరిహారం ఇవ్వరని తరాలుగా తెలిసిన వాళ్లు కట్టుకున్న పద్ధతి అది. ప్రకృతి ప్రేమ అని కవిత్వం రాసే ముందు ఆ భయాన్ని కూడా చూడాలి. దళిత స్త్రీ సహజంగానే భూమాత బిడ్డ అనే మాట నాకు నచ్చదు. మంచి భూమి, కాలువ నీళ్లు ఇచ్చి ఉంటే ఆమె కూడా వరి వేసేదేమో. మూడో రకం భూమి ఇచ్చి, దాంట్లో బతికి చూపించాక జ్ఞాని అని దండ వేయడం కూడా ఒక పద్ధతి ప్రకారం జరిగే పనే.

విత్తనం పైసలకు దొరకదు, అమ్మరు. అడ్డెడు తీసుకుంటే పంట వచ్చాక కుంచెడు తిరిగి ఇవ్వాలి. గంపకు పేడమట్టి పూసి, వేపాకు, బూడిద కలిపి, మూతి అలికి పెడతారు. ఏటా సంక్రాంతి నుంచి నెల రోజులు పాత పంటల జాతర జరుగుతుంది. ఎడ్లబండ్లను ముస్తాబు చేసి, విత్తనాల గంపలు పెట్టి ఊరూరూ తిప్పుతారు. నేను చూసిన ఏడాది ముందు డప్పు, వెనక బండి, ఆ వెనక ఆడవాళ్లు. ఆ డప్పు ఎవరి చావుకూ కాదు, ఏ దొర చాటింపుకూ కాదు. తెలుగు ఎమ్మే చదివి జానపదం మీద నోట్సు రాసుకున్న నాకు అది చూడటానికి చాలా బాగుంది. ఆ బాగుండటంలో కొంచెం గర్వమూ ఉంది, దాచను.

చేనులో విత్తకుండా వచ్చే కూరల గురించి కూడా ఒక మాట. దొగ్గలి, గునుగు, తుమ్మి, చెన్నంగి, పొన్నగంటి, జొన్న చెంచలి. వ్యవసాయ శాస్త్రం దృష్టిలో ఇవి కలుపు. కూలికి వచ్చిన ఆడమనిషికి మాత్రం ఇవి సాయంత్రం కూర. కలుపు తీస్తూ కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చేది. భూమి లేని మనిషికి ఇంకొకరి చేనులో ఉన్న హక్కు అదొక్కటే. కలుపు మందు కొట్టినప్పుడు పోయేది ఆ హక్కు. పురుగుమందుల మీద తెలుగులో ఎన్నో వ్యాసాలు చదివాను. రైతు అప్పు గురించి, తినేవాడి ఆరోగ్యం గురించి రాస్తారు. కూలిదాని కొంగు ఖాళీ కావడం గురించి రాసింది నాకు దొరికింది చాలా తక్కువ.

సంఘాలు ఇంతటితో ఆగి ఉంటే మంచి సేద్యం కథ అయ్యేది. వాళ్లు పాలసీ మీద కూడా మాట్లాడారు. 1999లో చంద్రబాబు ప్రభుత్వం విజన్ 2020 తెచ్చింది. వ్యవసాయం మీద బతికే జనాన్ని డెబ్బై శాతం నుంచి నలభై శాతానికి తగ్గిస్తామనేది అందులో ఒక లెక్క. ఆ మిగిలిన ముప్పై శాతం ఎవరో, ఎక్కడికి పోవాలో లెక్కలో లేదు. 2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో ప్రజాతీర్పు జరిగింది. రాష్ట్రంలోని సన్నకారు రైతులు, కూలీలు పంతొమ్మిది మంది జ్యూరీగా కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు, ఆదివాసీలు. ప్రభుత్వం వాళ్లు, కంపెనీల వాళ్లు, శాస్త్రవేత్తలు సాక్షులుగా వచ్చి వాళ్ల ముందు వివరణ ఇచ్చుకోవాలి. రోజుల తరబడి విని, అడిగి, విజన్ 2020ని జ్యూరీ తిరస్కరించింది. యంత్రాలు, జన్యుమార్పిడి పంటలు వద్దు, భూమి మీద, విత్తనం మీద, అడవి మీద మా అదుపు కావాలి అని తీర్పు చెప్పింది. విజన్ వెనక బ్రిటన్ సాయం కూడా ఉండటంతో అక్కడి సాయ సంస్థ డీఎఫ్ఐడీకి ఆ నివేదిక మింగుడు పడలేదు, పెద్ద గొడవే జరిగింది. మన పత్రికల్లో మాత్రం దానికి దక్కిన చోటు తక్కువ.

ఆ ప్రజాతీర్పు పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షుడు సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి పి.బి. సావంత్. గాలిలో తరంగాలు ప్రభుత్వ సొత్తు కాదు, ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు రాసింది కూడా ఆయనే. ఆ తీర్పు వల్ల తెరుచుకున్న దారిలోనే 2006లో సామాజిక రేడియో విధానం వచ్చింది, 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో గాలిలోకి వెళ్లింది. నడిపింది ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘాల్లో వినిపించారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని వాళ్ల గొంతు ఇప్పుడు అన్ని ఇళ్లలోకీ వెళ్తుంది. రేడియోకు మడి కట్టడం కుదరదు కదా.

బీటీ పత్తి కథలో కెమెరా పట్టింది కూడా ఈ ఆడవాళ్లే. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆ ఏడాది కరువు. వీళ్లు వరంగల్ జిల్లా చేన్లకు వెళ్లి, రైతులు కోపంతో చెప్పిన మాటలను విత్తనం నుంచి పత్తి తీత దాకా నెలనెలా తీశారు. అదే కాలంలో అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సఖ్ఖరి లెక్కలతో అధ్యయనం చేశారు. 2005లో మాహికో మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు. ఇది ఒక్క సినిమా గొప్ప అని నేను అనను, రైతుల గొడవ, శాస్త్రవేత్తలు, సంఘాలు అన్నీ ఉన్నాయి. కాని బడి మొహం చూడని దళిత స్త్రీలు తీసిన దృశ్యాలు సాక్ష్యంగా నిలిచిన సందర్భం మన పర్యావరణ చరిత్రలో ఉంది, దాన్ని ఏ పుస్తకంలోనూ ఐదు మార్కులకైనా అడగరు.

మరి మన ఉద్యమాలు వీళ్లను ఎట్లా చూశాయి? నిజం చెప్పుకుందాం. 1985 తర్వాత దళిత మహాసభ, 1994 నుంచి దండోరా. అవి ఆత్మగౌరవం, రిజర్వేషన్లు, వర్గీకరణ ప్రశ్నల మీద ఊళ్లను కదిలించిన కాలం. అదే కాలంలో అదే మాదిగ వాడల్లో ఆడవాళ్లు గట్లు పోస్తున్నారు. రెండు దారులు పెద్దగా కలవలేదు. ఒక వైపు ఎన్జీవో అంటే విదేశీ పైసలు అనే అనుమానం. అనుమానంలో కొంత న్యాయం ఉంది, సంస్థ పైన ఉన్న పేర్లు, కింద ఉన్న పేర్లు ఒకే కులాలవి కావు. ఇంకో వైపు జొన్నరొట్టె, విత్తనం, పేడ అంటే మళ్లీ వెనక్కి లాగుతున్నారనే భయం. ఆ భయం కూడా నాకు అర్థమవుతుంది, మా అమ్మ బియ్యం కథ చెప్పాను కదా. ఊరొదిలి పట్నం పొమ్మన్నారు బాబాసాహెబ్. అయినా ఒక మాట అడుగుతాను. కులం పోవాలంటే భూమి కావాలి అని మనమే నినాదం ఇచ్చాం. చేతికొచ్చిన లావుణి భూమిని వదలకుండా నిలబెట్టుకున్న వాళ్లను మన చరిత్రలో ఎందుకు రాసుకోలేదు?

2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఈ సంఘాలకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. అప్పటికి దాదాపు డెబ్బై అయిదు ఊళ్లు, అయిదు వేల మంది ఆడవాళ్లు. అవార్డు వచ్చాక పత్రికల్లో ఫోటోలు వచ్చాయి, వాతావరణ మార్పును ఎదుర్కొన్న మహిళలు అని రాశారు. ఆ మాట అప్పుడు వచ్చింది. ముప్పై ఆరేళ్ల పని తర్వాత.

తెలుగు మాస్టారిని కదా, మాటల దగ్గర కొంచెం ఆగుతాను. సర్కారు కాగితాల్లో ఈ గింజలు చాలా కాలం ముతక ధాన్యాలు. 2013 ఆహార భద్రత చట్టంలో కూడా బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు ఒక్క రూపాయి. ఆ చట్టంలోకి ఈ గింజలు రావాలని కొట్లాడిన వాళ్లలో జహీరాబాద్ వాళ్లు ఉన్నారు. 2018లో కేంద్రం వీటిని పోషక ధాన్యాలు అంది. పట్నం దుకాణాలు సిరిధాన్యాలు అన్నాయి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయింది, బడ్జెట్ ప్రసంగంలో శ్రీ అన్న అయింది. ముతక నుంచి శ్రీ దాకా వచ్చే దారిలో గింజ మారలేదు, తినేవాళ్ల కులం మారింది. మా హాస్టల్ పిల్లలు కొర్రలు కొనుక్కోలేరు, ప్యాకెట్ మీద ధర బియ్యానికి రెండింతల పైన. సతీష్ ఆ ఏడాదే, 2023 మార్చి 19న పోయారు. చుట్టూ ఉన్న సంబరాన్ని ఆయన ఎట్లా చూసేవారో గాని, విత్తనం గంప లేని చిరుధాన్యాల విధానాన్ని ఆయన జీవితమంతా వ్యతిరేకించారు.

ఇక ఇప్పుడేం జరుగుతోంది. జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పదిహేడు ఊళ్లలో 12,635 ఎకరాలు నిమ్జ్ అనే పారిశ్రామిక మండలికి అనుకున్నారు. 2016లో కేంద్రం దాన్ని ఖాయం చేసింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అదే ప్రాంతంలో పారిశ్రామిక స్మార్ట్ సిటీకి ఒప్పుకుంది. భూసేకరణలో పట్టా భూమికి ఒక ధర, అసైన్డ్ భూమికి అంతకంటే తక్కువ ధర. ఏళ్ల తరబడి రాళ్లు ఏరి, గట్టు పోసి, మట్టి నిలబెట్టిన చెలక రెవెన్యూ రికార్డులో ఇంకా సర్కారు దయ కిందే ఉంది. మంచి భూమి కంటే ముందు తేలిగ్గా పోయేది అదే.

భూమి లేని వాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 2015లో వచ్చిన జీవో 123 భూమి యజమాని నుంచి నేరుగా కొనుక్కునే దారి తెరిచింది. ఆ భూమి మీద కూలి చేసుకుని బతికే వాళ్లకు అందులో ఏమీ లేదు. మెదక్ జిల్లా వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది, కూలీలకూ ఎంతో కొంత ఇస్తామని కొత్త జీవోలు తెచ్చింది. నా లెక్కలో ఆ కూలీలు వేసిన పిటిషన్ కూడా పర్యావరణ కేసే. ఏ లా కాలేజీలోనూ ఆ ఖాతాలో చెప్పరు.

భూసేకరణ అధికారి చెలకకు వచ్చినప్పుడు రాసుకునే వాటిలో విస్తీర్ణం ఉంటుంది, బావి, బోరు, పైపులు, చెట్లు ఉంటాయి. గట్టు ఎవరు పోశారో ఉండదు. గంపలో ఎన్ని రకాల విత్తనాలు ఉన్నాయో ఉండదు. తుమ్మికూర, దొగ్గలికూర ఏరుకునే మనిషి పేరు అసలే ఉండదు.

వచ్చే భాగంలో ఉత్తరాంధ్రకు పోదాం. సోంపేట బీల భూములు, థర్మల్ ప్లాంటుకు అడ్డం నిలిచిన పర్యావరణ పరిరక్షణ సంఘం, 2010 జూలై 14 కాల్పులు. ఆ రోజు బీలలో ఏ కులాల వాళ్లు ముందు నిలబడ్డారో అక్కడ మాట్లాడుకుందాం. జై భీమ్.